చుక్క కాళ్లు తుడిచిన పిల్ల

భూమికను ఫర్హీన్ దగ్గరికి తీసుకొచ్చేనాటికి ఆ పిల్ల నోరు విప్పక ఏడు నెలలైంది.

గోదావరి ఒడ్డున ఉన్న బొగ్గు గనుల కాలనీలో ఒక పాత క్వార్టర్‌ను బాగుచేసి, చిన్న ట్రస్టు ఒకటి పిల్లల కోసం ఆటగది నడుపుతోంది. ఫర్హీన్ కరీంనగర్ మనిషి. పిల్లల మనస్తత్వం చదువుకుంది. వారానికి నాలుగు రోజులు పొద్దున్నే బస్సెక్కి ఆ కాలనీకి వస్తుంది. పెద్దవాళ్లకు చెప్పలేనిది పిల్లలు ఆటలో బయటపెడతారని, మనిషికి చెప్పలేనిది ఒక్కోసారి జంతువుకు చెబుతారని ఆమె ఐదేళ్లుగా చూస్తూనే ఉంది. ఆటగదిలో ఇసుక తొట్టి, బొమ్మలు, రెండు కుందేళ్లు ఉన్నాయి. చుక్క అనే కుక్క ఉంది. ఇటుక రంగు ఆడకుక్క, నుదుటి మీద తెల్లటి మచ్చ. ఎంత అల్లరి పిల్లలు చెవులు లాగినా కదలకుండా కూర్చునేది.

చుక్కను సాకేది హనుమండ్లు. పోలీసు జాగిలాల దళంలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాడు. పిల్లల ఆట నడుస్తున్నంతసేపూ గది మూలన ముక్కాలిపీట మీద కూర్చుని, పిల్లల వంక కాక కుక్క వంకే చూస్తుండేవాడు. చుక్క అలసిపోయిందనిపిస్తే ఆట ఆపించే హక్కు ఆయనదే.

మొదటి రోజు భూమిక తల్లి సరోజన జరిగింది చెప్పింది. కూతురికి ఎనిమిదేళ్లు. కొడుకు రాజ్‌కుమార్‌కు ఆరు. అందరూ చిన్నోడా అనే పిలిచేవాళ్లు. ఎండాకాలం సెలవుల్లో ఒక మధ్యాహ్నం వాడు ఒక్కడే ఇల్లు దాటి పోయాడు. కాలనీ వెనక, ఎప్పుడో తవ్వకం ఆపేసిన గుంతలో నీళ్లు నిలిచి చెరువంత అయ్యాయి. సాయంత్రం ఆ నీళ్లలో దొరికాడు. తండ్రి మొగిలి గనిలో రెస్క్యూ దళం మనిషి. కొడుకును నీళ్లలోంచి తీసింది తనే.

"భూమిక ఎక్కడుండె అప్పుడు?" అని అడిగింది ఫర్హీన్.

"ఇంట్లనే ఉండె మేడం. పండుకున్నది. పొద్దుమూకేదాక లేవనే లేదు," అంది సరోజన. ఆ మాట అడగకముందే సిద్ధంగా ఉన్నట్టు వచ్చింది. ఫర్హీన్ దాన్ని కాగితం మీద రాసుకుంది, అంతకుమించి ఆలోచించలేదు.

మొదటి మూడు వారాలు భూమిక చుక్కను ముట్టుకోలేదు. గోడకు ఆనుకుని నిలబడి చూసేది. కానీ ఒక సంగతి ఫర్హీన్‌కు మొదటి రోజు నుంచే కనబడింది. ఆ పిల్ల లోపలికి వచ్చాక తలుపు వెంటనే మూయదు. ఒక చేత్తో రెక్క పట్టుకుని, తన వెనక ఇంకొకరు లోపలికి వచ్చేంతసేపు ఆగుతుంది. అప్పుడు మూస్తుంది. చుక్క కూడా తోక ఊపుతూ ఎదురెళ్లి, భూమికను దాటి గుమ్మం దాకా పోయి, బయటికి చూస్తూ నిలబడేది. ఎవరూ రాకపోతే చెవులు వాల్చి వెనక్కి వచ్చేది. ప్రతి మంగళవారం ఇదే.

"కుక్కకేమన్న కనబడుతున్నదా కాకా?" అంది ఫర్హీన్ ఒకరోజు, సగం నవ్వుతూ.

హనుమండ్లు నవ్వలేదు. "కుక్కకు పిల్ల కనబడుతున్నది బిడ్డా. పిల్ల ఎవలికోసం తలుపు పట్టుకుంటున్నదో, వాళ్ల కోసమే ఇది చూస్తున్నది."

ఆ రోజు ఇంటికి చేరాక, కరీంనగర్‌లో, ఫర్హీన్ తమ ఇంటి తలుపు తెరిచి పట్టుకుని కాసేపు నిలబడింది. తల్లి ఖుర్షీద్ వంటింట్లోంచి "కౌన్ హై బేటా, ఎవరొచ్చిన్రు?" అని అడిగేదాకా తనేం చేస్తోందో ఆమెకే తెలియలేదు.

నాలుగో వారం భూమిక చుక్క దగ్గరికి వచ్చింది. కుక్క కోసం పెట్టిన గిన్నెలోంచి ఆటగిన్నెతో నీళ్లు ముంచి, దాని ముందుకాళ్ల మీద పోసింది. తర్వాత వెనకకాళ్ల మీద. తర్వాత పొట్ట కింద. చుక్క కదలకుండా నిలబడింది. పిల్లలు నీళ్లతో ఆడడం మామూలే. ఫర్హీన్ తువ్వాలు అందించబోతే భూమిక తీసుకోలేదు. తన గౌను అంచు పట్టుకుని దానితోనే కుక్క కాళ్లు తుడవడం మొదలుపెట్టింది. వేళ్ల సందులు కూడా వదల్లేదు. పొట్ట తుడిచింది, తోక తుడిచింది. నేల మీద పడ్డ తడి అడుగులను ఒక్కొక్కటే వంగి తుడిచింది. అంతా ఆరిందో లేదో అరచేత్తో తడిమి చూసింది. చివరికి చుక్క మూతి మీద వేలు పెట్టి, దాని పక్కనే గోడవారగా కూర్చుని గడియారం వంక చూస్తూ ఉండిపోయింది.

ఆ కూర్చోవడం చూస్తే ఫర్హీన్‌కు ఏదో తేడా కనబడింది. ఎనిమిదేళ్ల పిల్ల అలా కూర్చోదు. ఏదో జరగబోతోందని తెలిసి, అది జరిగేదాకా ఏమీ తెలియనట్టు కూర్చునే పెద్దమనిషిలా ఉంది.

తర్వాతి వారం అదే ఆట. ఆ తర్వాతి వారం కూడా. నీళ్లు, తుడవడం, అడుగులు చెరపడం, మూతి మీద వేలు, గడియారం. ఆ క్రమం ఒక్కసారీ మారలేదు. ఎనిమిదో వారం భూమిక చుక్క చెవి దగ్గర నోరు పెట్టింది. గాలి వదిలినంత సన్నగా ఒక మాట వచ్చింది. ఏడు నెలలు దాటి తొమ్మిదో నెలలో పడ్డాక ఆ పిల్ల అన్న మొదటి మాట అది.

"చెప్పకు."

పిల్ల వెళ్లిపోయాక హనుమండ్లు చుక్కను ఎండలోకి తీసుకుపోయి ఒళ్లు నిమురుతూ కూర్చున్నాడు. ఫర్హీన్ పక్కకు వచ్చి నిలబడింది.

"నేనొక మాట అంట. తప్పయితె తప్పనుకో," అన్నాడు. "ముప్పై ఏండ్లు కుక్కలను పట్టుకొని దొంగల ఎన్క తిరిగిన. ఆనవాలు దొరకకుండ చేసేటోళ్లు ఎట్ల చేస్తరో నాకు ఎరుకే. గీ పిల్ల కుక్కకు తానం పోస్తలేదు బిడ్డా. ఆనవాలు తుడుస్తున్నది."

ఫర్హీన్ గదిలోకి వచ్చి పాత కాగితాలు తీసింది. 'ఇంట్లనే ఉండె. పండుకున్నది.' ఆ వాక్యం వంక చూస్తూ కూర్చుంది. భూమిక ఆ మధ్యాహ్నం పడుకుని లేదు. నీళ్ల దగ్గర ఉంది. ఒక కుక్కతో ఉంది. ఇంటికి వచ్చి, తడి ఆరబెట్టుకుని, కుక్క ఒళ్లు తుడిచి, అందరూ తమ్ముణ్ని వెతుకుతుంటే గడియారం చూస్తూ కూర్చుంది.

పిల్ల ఆటలో చెప్పింది ఎవరికి చెప్పాలి, ఎంత చెప్పాలి అన్నది ఆమె చదువులో ఒక పెద్ద అధ్యాయం. ఆ వారమంతా దాన్ని తలలో తిప్పుకుంటూనే ఉంది. చివరికి ఏమీ చెప్పకుండా, అడగడానికి మాత్రమే సరోజన ఇంటికి వెళ్లింది.

మధ్యాహ్నం రెండు దాటింది. మొగిలి డ్యూటీలో ఉన్నాడు, భూమిక బడిలో ఉంది. సరోజన టీ పెట్టి ఇచ్చింది. రెండు గదుల క్వార్టర్. గోడకు చిన్నోడి ఫోటో లేదు. మేకు మాత్రం ఉంది.

"సరోజనక్కా, మీ ఇంట్ల కుక్క ఉండెనా?"

సరోజన చేతిలో గ్లాసు కింద పెట్టింది. "ఉండె. నల్లోడు అనేటోళ్లం. చిన్నోని ఎంబడే తిరుగుతుండె."

"ఇప్పుడేది?"

"ఆటోల ఎక్కించి గోదావరి బ్రిడ్జి అవతల ఇడిచిపెట్టొచ్చిన. పదిహేను దినాలయినంక." గ్లాసు అంచు వేలితో తుడిచింది. "అది నన్ను చూస్తుండె మేడం. అన్నం పెడితె తినకపోతుండె. ఊకె నా మొకం దిక్కే చూస్తుండె."

అప్పుడే గనిలో బ్లాస్టింగ్ జరిగింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. నేల ఒక్కసారి కింద నుంచి నెట్టినట్టయింది. అది ఆ కాలనీలో రోజూ ఉండేదే. సరోజన తలకూడా ఎత్తలేదు. ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా ఉండి, ఫర్హీన్ ఏమీ అడగకముందే చెప్పడం మొదలుపెట్టింది.

"గా దినం అయిదింటికి మంచం కిందికెల్లి భూమిక లంగ దొరికింది. తడిసి పచ్చిగున్నది. నల్లమన్ను అంటుకొని ఉన్నది. గా మన్ను గుంత కాడనే ఉంటది, మా వాడకట్టుల ఇంకెక్కడ ఉండది. అప్పటికి అందరు బజార్ల దేవులాడుతున్నరు. కొండగట్టు బస్సెక్కిండేమో అని బస్టాండుకు ఉరికిన్రు. నేను లంగ చేతుల పట్టుకొని పిల్ల దిక్కు చూసిన. పిల్ల నా దిక్కు చూసింది. ఇద్దరం ఏం అనలే."

"తర్వాత?"

"లంగ ఉతికి దండెం మీదేసిన. బయటికి పోయి, గుంత దిక్కు సూడున్రి అన్న. నీకెట్ల తెలుసని ఎవలు అడగలే." సరోజన కొంగుతో నోరు అదుముకుంది, ఏడవలేదు. "ఆయనకు చెప్పలే. పిల్లను కొడ్తడని కాదు. ఏం అనడు. ఏం అనకుండ దాని మొకం దిక్కు చూసుకుంట బతుకుతడు. నేను బతుకుతలేనా, గట్ల."

తల్లీ కూతురూ ఒకే మాటను చెరొక కొస పట్టుకుని, తొమ్మిది నెలలుగా ఒకే ఇంట్లో తిరుగుతున్నారని ఫర్హీన్‌కు అర్థమైంది. తల్లికి తెలుసని పిల్లకు తెలుసు. తెలిసీ తల్లి ఏమీ అనకపోవడాన్ని ఆ పిల్ల ఏమని అర్థం చేసుకుని ఉంటుంది? మాట్లాడితే ఆ మాటే వస్తుంది కాబట్టి మాటే మానేసింది.

"భూమిక చెప్పడానికి తయారవుతున్నది అక్కా," అంది ఫర్హీన్. "కుక్కకు చెబుతున్నది ఇప్పుడు. రేపు మనిషికి చెప్తది. ఆ దినం నువ్వు అక్కడుండాలె. తప్పు ఎవరిదని అడగడానికి కాదు. నాకు ముందే తెలుసు బిడ్డా, అయినా నిన్ను ఇడువలే అని చెప్పటానికి."

సరోజన తల ఊపింది. ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

మంగళవారం సరోజనతో పాటు మొగిలి కూడా వచ్చాడు. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, తల తడి ఆరకముందే వచ్చాడు. కంటి రెప్పల అంచుల్లో ఇంకా సన్నటి బొగ్గు గీత ఉంది. చెప్పులు బయట విడిచి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. సరోజన ముందు రాత్రే భర్తకు అంతా చెప్పిందని ఆమె ముఖం చూడగానే ఫర్హీన్‌కు తెలిసిపోయింది.

లోపల భూమిక అప్పటికే చుక్క కాళ్ల మీద నీళ్లు పోస్తోంది. తండ్రిని చూసి చేయి ఆగింది. ఆటగిన్నె నేల మీద పడింది. ఆ పిల్ల పరుగెత్తి పోతుందనుకుంది ఫర్హీన్. పోలేదు. గౌను అంచు పట్టుకుని గబగబా కుక్కను తుడవడం మొదలుపెట్టింది. ఎంత తుడిచినా ఆరడం లేదు.

మొగిలి వచ్చి ఆమె ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చున్నాడు. తుడవడం ఆపమనలేదు. చూస్తూ కూర్చున్నాడు. చుక్క ఆయన మోకాలు వాసన చూసి, మళ్లీ భూమిక వైపే తిరిగింది.

"అవ్వ నాకు అంత చెప్పింది బిడ్డా," అన్నాడు. "కానీ నాకు అప్పటికెల్లి ఎరుకే. మీ అవ్వ గుంత దిక్కు సూడున్రి అన్నప్పుడే అనుకున్న. నేనే అడగలే. అడుగుడు నాతోని కాలే."

భూమిక చేతులు ఆగాయి.

సరోజన గుమ్మం దగ్గరే గోడకు ఒరిగిపోయింది. ముందు రాత్రి ఆమె అంతా చెప్పినప్పుడు, తనకు అప్పటికే తెలుసని ఆయన అనలేదు.

అప్పుడు భూమిక గొంతు వచ్చింది. వాడకం లేక మొద్దుబారిన గొంతు, ముసలిదానిలా ఉంది. తండ్రికి కాదు, కుక్క మెడకేసి చూస్తూ చెప్పింది.

"నల్లోనికి తానం పోద్దామని నేనే అన్న. నల్లోడు లోపలికి పోయిండు. తమ్ముడు వాని ఎన్క పోయిండు." ఊపిరి తీసుకుంది. "అక్కా అన్నడు. రెండుసార్లు అన్నడు. నేను నడుం లోతుదాక పోయిన. కాళ్ల కింద మన్ను జారింది. ఎన్కకు వచ్చిన. నల్లోడు బయటికొచ్చిండు. తమ్ముడు రాలే."

సరోజన నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది. ఫర్హీన్ ఆమె చేయి పట్టుకుంది, పట్టుకున్నది ఎవరి కోసమో ఆమెకే స్పష్టంగా లేదు.

"ఉరికొచ్చి చెప్తె బతుకుతుండెనా బాపూ?"

ఆ ప్రశ్నకు ఫర్హీన్ ఎన్నో జవాబులు సిద్ధం చేసుకుని ఉంది. పుస్తకాల్లో ఉన్నవి, తను రాసుకున్నవి. పిల్ల అడిగింది మాత్రం తండ్రిని. మొగిలి రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, పనిలో ఎవరికో లెక్క అప్పజెబుతున్నట్టు నెమ్మదిగా చెప్పాడు.

"బతకకపోతుండె. నేను రెస్క్యూల పదహారేండ్లు పనిచేసిన. నీళ్లల్ల మునిగిన మనిషికి ఎంత టైము ఉంటదో నాకు ఎరుకే. గుంత కాడికెల్లి ఇంటికి నీ కాళ్లకు పావుగంట. నేను వచ్చుడు ఇంకో పావుగంట. అప్పటికి అయిపోతుండె. నీకోసం చెప్పుడు కాదు గిది. వాన్ని తీసినోన్ని నేను. నాకు ఎరుకే."

"పిలిచిండు బాపూ."

మొగిలి నేల మీద పడ్డ ఆటగిన్నెను తీసి పక్కన నిలబెట్టాడు.

"పిలుస్తడు. అక్కవు గదా, పిలుస్తడు," అన్నాడు. "నువ్వింక రెండడుగులు ఏసి ఉంటె గా దినం నేను ఇద్దరిని తీసేటోన్ని."

భూమిక అప్పుడు ఏడ్చింది. చిన్న పిల్లలా కాదు, పెద్దగా కాదు, ఒకటే సన్నటి స్వరంతో, ఆగకుండా. సరోజన వచ్చి వెనకనుంచి ఆమెను ఒడిలోకి లాక్కుంది. "నాకు ఎరుకే బిడ్డా, లంగ నేనే ఉతికిన, నాకు ఎరుకే," అని అదే మాట అంటూ కూర్చుంది. హనుమండ్లు లేచి చుక్క మెడపట్టీ పట్టుకుని బయటికి తీసుకుపోయాడు. కుక్క ఒళ్లంతా వణుకుతోంది. ఆ తర్వాత పది రోజులు దాన్ని ఏ పిల్ల దగ్గరికీ తేలేదు ఆయన. "అది కూడ మోసింది బిడ్డా, జర ఊపిరి తీసుకోనియ్యి," అన్నాడు.

అంతటితో అంతా చక్కబడలేదు. నిజానికి ఆ తర్వాత నెల రోజులు ముందుకంటే ఘోరంగా గడిచాయి. భూమికకు మాటతో పాటు కేకలు వచ్చాయి. బడిలో ఒక పిల్ల చేయి కొరికింది. నీళ్ల బకెట్ చూస్తే గొంతు చించుకునేది. సరోజన ఒకరోజు ఆటగదికి వచ్చి, "ముందే నయముండె మేడం, కనీసం ఇల్లు సప్పుడు లేకుండె," అంది. తను చేసింది సరైనదేనా అని ఆమె బస్సులో కూర్చుని ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. కరీంనగర్ బస్టాండులో ఏ పిల్లవాడైనా "అక్కా" అని పిలిస్తే చటుక్కున వెనక్కి తిరిగేది. రెండోసారి పిలుస్తాడేమోనని నిలబడిపోయేది. అది ఆమెను ఇప్పటికీ వదల్లేదు.

మొగిలి రెస్క్యూ దళం నుంచి తన పేరు తీయించుకున్నాడు. మూడు ఆదివారాలు బండి మీద బ్రిడ్జి దాటి, అవతలి ఊళ్లన్నీ తిరిగి నల్లకుక్క కోసం అడిగాడు. ఎవరూ చూడలేదన్నారు. ఒక ఊళ్లో మాత్రం ఒక ముసలామె, అలాంటి కుక్క ఒకటి ఏటి ఒడ్డున నీళ్ల వంక చూస్తూ కూర్చునేదని, వానలు పడ్డాక కనబడలేదని చెప్పిందట. ఆ మాట ఆయన ఇంట్లో చెప్పలేదు. ఫర్హీన్‌కు చెప్పాడు.

చిన్నోడు పోయి ఏడాది నిండినప్పుడు ముగ్గురూ ధర్మపురి వెళ్లారు. గోదావరి మెట్ల దగ్గరికి భూమిక రానంది. బలవంతం చేయొద్దని ఫర్హీన్ ముందే చెప్పి ఉంది. సరోజన ఒక్కతే నీళ్లలోకి దిగి చేయాల్సింది చేసింది. పైన నీడలో తండ్రీ కూతురూ కూర్చుని, ఆమె బయటికి వచ్చేదాకా రెప్ప వేయకుండా చూశారట. ఆమె పైకి వచ్చాక భూమిక తల్లి తడి చీర పట్టుకుని బస్సెక్కేదాకా వదల్లేదట.

ఇప్పుడు భూమిక నెలకొకసారి మాత్రమే ఆటగదికి వస్తుంది. కుందేళ్లకు కొత్తిమీర కాడలు తెస్తుంది. చుక్కతో కలిసి ఇసుకలో ఇళ్లు కడుతుంది, చుక్క వాటిని తవ్వి పాడుచేస్తే తిడుతుంది. మాటలు తక్కువే. గడియారం వంక ఇంకా అప్పుడప్పుడూ చూస్తుంది.

మొన్న వచ్చినప్పుడు ఇసుకలో వేళ్లు ఆడిస్తూ ఉన్నట్టుండి అడిగింది.

"అక్కా, నాకు తొమ్మిది నిండినయి. తమ్మునికి ఎన్ని?"

ఫర్హీన్ వచ్చి ఇసుక తొట్టి పక్కన కూర్చుంది. "ఆరే."

"నాకు ఇరవై వచ్చినా ఆరేనా?"

"ఆరే బిడ్డా."

భూమిక మనసులో లెక్క వేసుకుంది. ఆమె ముఖంలో ఏడుపు లేదు, ఊరట కూడా లేదు. "అయితె అప్పటికి వాన్ని నేను ఒక్క చేతితోని ఎత్తుకోవచ్చు," అంది. బయట సరోజన పిలిచింది. పిల్ల చేతుల ఇసుక దులుపుకుని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.